నేరుగా పోయే బంతిని బాగు చేసిన విధం

చక్కగా ఆడుకుంటున్న మనిషి ఆట మరిచిపోవాలంటే ఏం చెయ్యాలో మీకు తెలుసా? చెయ్యి విరగ్గొట్టే పని లేదు, మందు పెట్టే పని లేదు. ఒక కోచ్‌ను పెడితే చాలు. ఆ కోచ్ కొత్తగా సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడైతే మరీ మంచిది, పని తొందరగా అయిపోతుంది. ఆ ఘనకార్యం నేను ఒకసారి కాదు, రెండుసార్లు చేసినాను. మొదటిసారి నా సొంత తెలివితో చేసినాను. రెండోసారి ఇంకొకరి తెలివితో చేసినాను. రెండింట్లో ఏది ఎక్కువ సిగ్గుచేటో చివరిదాకా విని మీరే చెప్పండి.

నా పేరు జాన్సన్. మాది జువ్వలదిన్నె. మా నాయన హార్బర్లో చేపల వేలం పాడతాడు. ఆయన దగ్గర్నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ గొంతు ఒక్కటే. చెన్నైలో ఒక గోల్ఫ్ క్లబ్బులో టోపీలూ బంతులూ అమ్మే కొట్లో పనికి చేరినాను. పెద్ద పెద్దోళ్ళు ఆడేది కొట్టు అద్దంలోంచి చూసి చూసి, ఇది వేలం పాడేదానికన్నా తేలికే అనిపించింది. ఒక చిన్న కోర్సు చేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని, సింగడు అద్దంకి పోయినట్టు పోయి, మహా పండితుడిలాగా తిరిగొచ్చినాను. మా అమ్మ ఆ సర్టిఫికెట్‌కు పటం కట్టించి, గోడ మీద బైబిల్ వాక్యం పటం పక్కన తగిలించింది. ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు కళ్ళు తెరిచినప్పుడల్లా సర్టిఫికెట్ మీద ఉన్న నా ఫోటోనే కనపడేది.

ముత్తుకూరు దాటి సముద్రం వైపు పోతే అప్పట్లో ఒక రిసార్ట్ కొత్తగా తెరిచినారు. పాత రొయ్యల గుంటలు పూడ్చి, పచ్చిక పరిచి, దాన్ని గోల్ఫ్ మైదానం అన్నారు. నన్ను కోచ్ అన్నారు. రెండూ నమ్మడం కొంచెం కష్టంగానే ఉండేది.

గోల్ఫ్ తెలియనివాళ్ళకు ఒక ముక్క. చిన్న బంతిని పొడుగు కర్రతో కొట్టి, దూరంగా ఉన్న గుంతలో వెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆటంటే అంతే. మిగతాదంతా టోపీలు.

కోచ్ అయితే ఉన్నాడు గానీ శిష్యులు లేరు. రిసార్ట్‌కు వచ్చేవాళ్ళు సముద్రంలో మునిగి, చేపల వేపుడు తిని, ఫోటోలు దిగి పోతా ఉన్నారు. మేనేజర్ మురళి గారు రోజూ తెల్ల చొక్కా వేసుకుని వచ్చి అదే ప్రశ్న అడిగేవాడు.

"ఏం జాన్సన్, శిష్యులు?"

"వస్తా ఉన్నారు సార్."

"దారి తప్పినారేమో. నెలాఖరుకు ఒక్కరన్నా కనపడకపోతే నిన్ను ఈత కొలను దగ్గర తువ్వాళ్ళిచ్చే పనికి వేస్తా."

తువ్వాళ్ళు! పాస్టరుగారి ఎదురుగా పటం కట్టిన మనిషికి తువ్వాళ్ళు! ఆ మాటతో నా కళ్ళు మైదానమంతా వెతికినాయి. ఆ పూట కర్ర పట్టుకుని ఉన్నది ఒక్కరే. మనుబోలు రమణారెడ్డి గారు.

రమణారెడ్డి గారు వరి పండించే రైతు. అరవైకి దగ్గర పడిన మనిషి. ఆయన ఈ ఆటలోకి రావడానికి కారణం ఆయన బావమరిది సుధాకర్ రెడ్డి. సుధాకర్ గారికి నాయుడుపేటలో వ్యాపారం, ఇంజనీరింగ్ చదువు, నల్ల కళ్ళజోడు ఉన్నాయి. ఏదో పెళ్ళిలో పదిమందిలో "గోల్ఫ్ మాలాంటోళ్ళ ఆట బావా, నీకు అర్థం కాదు" అన్నాడంట. రమణారెడ్డి గారు ఆ పెళ్ళి భోజనం సగంలో లేచి, మరుసటి వారానికల్లా కర్రలు కొన్నాడు. అప్పట్నుంచి నెలకో ఆదివారం ఇద్దరూ మా మైదానంలో ఆడతారు. ఆట అయినాక మనుబోలులో రమణారెడ్డి గారింట్లో చేపల పులుసుతో భోజనం. పందెం ఏందంటే, ఓడినవాడు గెలిచినవాడికి నిలబడి వడ్డించాలి. చుట్టాలందరూ చూస్తా ఉండగా వడ్డించాలి, "ఇంకొంచెం వెయ్యనా?" అని గూడా అడగాలి. రెడ్లకు ఇంతకన్నా పెద్ద పందెం ఏముంటుంది చెప్పండి. పొలం పోయినా ఊరుకుంటారు గానీ, బావమరిదికి గరిటె పట్టమంటే ప్రాణం పోతుంది.

నేను చేరినప్పట్నుంచి చూస్తా ఉన్నాను, ప్రతిసారీ సుధాకర్ గారే వడ్డించినాడు.

ఇప్పుడు రమణారెడ్డి గారు కొట్టే తీరు చెప్తా వినండి. ముందు అరచేతుల్లో ఉమ్మి రుద్దుకుంటాడు. నాలుక పళ్ళ మధ్య పెడతాడు. వరి మోపు బండి మీదికి విసిరినట్టు నడుం మెలితిప్పి "హుఁ" అంటాడు. ఎడమ మోచెయ్యి కోడిరెక్కలాగా పైకి లేస్తాది. కుడికాలు దాని దారిన అది పోతాది. చూసేవాళ్ళకు ఈయన్ని తేలు కుట్టిందేమో అని భయం వేస్తాది. బంతి మాత్రం, సాయంత్రం దొడ్డికి తిరిగొచ్చే గేదెలాగా పక్కచూపు లేకుండా నేరుగా గుంత దగ్గరికి పోయి నిలబడతాది. ప్రతిసారీ అంతే.

తెలివున్నవాడైతే ఏం చేస్తాడు? దండం పెట్టి పక్కకు తప్పుకుంటాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఇక్కడ కొండనాలుకకు జబ్బే లేదు. నేనే నోరు తెరిపించి, టార్చిలైటు వేసి వెతికినాను.

"సార్, నమస్తే. ఒక మాట చెప్పొచ్చా?"

"చెప్పు అబ్బయ్యా."

"మీరు గెలుస్తా ఉన్నారు సార్. కానీ తప్పుగా గెలుస్తా ఉన్నారు."

ఆయన నన్ను ఎగాదిగా చూసినాడు. "తప్పుగా గెలవడం అంటే ఏంది? దొంగాటా?"

"దొంగాట కాదు సార్. మీ పద్ధతి శాస్త్రీయం కాదు. ఇది ఎక్కువ రోజులు నిలవదు. పునాది లేని మేడ సార్ ఇది. ఏదో ఒకరోజు మొత్తం కూలిపోతుంది."

కూలిపోతుందన్నాను చూడండి, ఆ ఒక్కటీ నిజమే అయింది. కూల్చేది నేనేనని మాత్రం అప్పుడు తెలియలేదు.

"మేడ కూలేది నాకు తెలియకపోతే నీకెట్ట తెలిసింది?" అన్నాడు ఆయన. అప్పుడు నేను ఫోన్ తీసినాను. ఆయన కొట్టేది వీడియో తీసి, మెల్లగా తిప్పి, ఆయన ఒంటి మీద ఎర్రగీతలు గీసి చూపించినాను. వీపు మీద ఒకటి, మోచేతికి ఒకటి, మోకాలికి ఒకటి, నడుం చుట్టూ ఒక సున్నా. కబేళాలో మేకను ముక్కలకు గుర్తు పెట్టినట్టుంది.

రమణారెడ్డి గారు ఆ వీడియో చూసి బిత్తరపోయినాడు.

"ఇది నేనా?"

"మీరే సార్."

"నాలుక బయట పెట్టినానే!"

"ప్రతిసారీ పెడతారు సార్."

"ఇంతమందిలో ఇట్టనా ఉండేది నేను? ఒక్కరన్నా చెప్పలేదే!" అని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సరే, బాగు చెయ్యి. బాగు చేస్తే ఎట్ట ఉంటాది?"

"టీవీలో ఆడేవాళ్ళలాగా ఉంటాది సార్."

మనిషికి ఆకలికన్నా, డబ్బుకన్నా చెడ్డ బలహీనత ఒకటుంది. తను అందంగా కనపడాలనుకోవడం. అక్కడ పట్టుకున్నాను ఆయన్ని. మురళి గారు ఆ రోజు సాయంత్రం నాకు టీ ఇప్పించినాడు.

నా పాఠాలు మొదలైనాయి. నా పద్ధతి ఒకటే, మొదట ఉన్నదంతా పీకెయ్యాలి, తర్వాత కొత్తది కట్టాలి. పీకేది కోర్సులో బాగా నేర్పినారు. కట్టేది వచ్చేసరికి కోర్సు అయిపోయింది.

"తల కదపగూడదు సార్. ఎడమ మోచెయ్యి వంచగూడదు. గడ్డం రవ్వంత పైకి. మోకాళ్ళు రవ్వంత కిందికి. కుడి మడమ లేవగూడదు. నడుం ముందు తిరగాల, భుజం తర్వాత. కర్ర గట్టిగా పట్టగూడదు, వదులుగా పట్టగూడదు. ఊపిరి..."

"ఊపిరి గూడానా?"

"కర్ర ఎత్తేటప్పుడు పీల్చాల సార్, దించేటప్పుడు వదలాల."

"ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పకుండానే పీల్చుకుంటా వచ్చినానే నాయనా."

"అదే సార్ మీ సమస్య. ఎవరూ చెప్పలేదు."

ఆయన పాపం శ్రద్ధగా నేర్చుకున్నాడు. శ్రద్ధ లేని శిష్యుడైతే బాగుపడేవాడు. నేను చెప్పినవన్నీ పెదాల్లో జపం చేస్తా బంతి ముందు నిలబడేవాడు. బంతి వైపు కర్ర పోయేది, బంతి పక్కనుంచి కర్ర పోయేది, బంతి పైనుంచి కర్ర పోయేది. బంతి మాత్రం పోయేది కాదు.

"తగల్లేదు అబ్బయ్యా."

"మంచిది సార్. పాతది పోతా ఉంది."

మరుసటి వారం బంతి పక్కకు పోయి తుమ్మచెట్ల కంపలో పడింది.

"పాతది పూర్తిగా పోయినట్టుంది. కొత్తది యాడ?"

"దారిలో ఉంది సార్."

"బస్సులో వస్తా ఉందా, నడిచి వస్తా ఉందా?"

ఆయన వెటకారం నాకు అర్థం కాలేదనుకుంటున్నారా? అయింది. కానీ ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేర్పలేక శిష్యుడు ఓడనుకున్నాను. వయసు మీరింది, ఒళ్ళు వంగడం లేదు, మట్టిలో పెరిగిన మనిషి, శాస్త్రం ఎక్కదు అనుకున్నాను. అని ఊరుకోకుండా, ఇంకా రెండు మూడు సవరణలు కలిపినాను.

ఒకరోజు ఆయన భార్య సుశీలమ్మ గారు ఫోన్ చేసింది. ఆ నంబర్ ఎట్ట సంపాదించిందో గానీ, గొంతులో మర్యాదతోపాటు కత్తి గూడా ఉంది.

"కోచ్ గారేనా? ఏం బాబూ, మా ఆయనకు ఏం నేర్పుతా ఉన్నావు?"

"గోల్ఫ్ అక్కా."

"గోల్ఫేనా? అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు గూడా మోచెయ్యి చూసుకుంటా ఉన్నాడు. మెట్లు దిగేటప్పుడు నడుం ముందా కాలు ముందా అని ఆలోచిస్తా ఉన్నాడు. నిన్న కారు రివర్స్ తీస్తా, తల కదపగూడదని నువ్వు చెప్పినావంట, వెనక్కి తిరిగి చూడకుండా పోయి ప్రహరీ గోడకు గుద్దినాడు."

"అది క్రమశిక్షణ అక్కా. ఒంటికి పడతా ఉంది."

"గోడకు పడింది బాబూ."

ఫోన్ పెట్టేసింది. నేను ఆ మాటను గూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను. ఎంత గొప్ప కోచ్ కాకపోతే శిష్యుడు కార్లో గూడా సాధన చేస్తాడు!

ఆదివారం వచ్చింది. "ఆరాధన మానేసి గుంతల్లో బంతులేసే ఉద్యోగం ఏందిరా?" అని మా అమ్మ గుమ్మంలోనే శాపం పెట్టింది. శాపం నాకు పెట్టింది గానీ, తగిలింది రమణారెడ్డి గారికి.

ఆ రోజు ఆట నేను వర్ణించలేను. సుధాకర్ గారు మొదటి గుంత దగ్గర నల్ల కళ్ళజోడు తీసి చూసినాడు, నిజమేనా అని. రెండో గుంతకు నవ్వు మొదలుపెట్టినాడు. సగం ఆట అయ్యేసరికి నవ్వు గూడా ఆపినాడు. అది చూసి నాకు భయం వేసింది. మనిషి నవ్వు ఆపి జాలిపడినాడంటే, ఎదుటివాడి పని అయిపోయినట్టే.

చివరి గుంత దగ్గర బంతి నాలుగడుగుల దూరంలో ఉంది. మునుపైతే రమణారెడ్డి గారు బీడీ వెలిగించుకుంటా గూడా వేసేవాడు. కర్ర పట్టుకుని నిలబడినాడు. పెదాలు కదులుతా ఉన్నాయి. తలెత్తి నా వైపు చూసినాడు.

"అబ్బయ్యా, మడమ సంగతి ఏం చెప్పినావు?"

ఆ చూపు నాకు ఈరోజుకీ గుర్తుంది. తన పొలంలో తనే దారి తప్పిన మనిషి చూపు అది. నేను చెప్పాల్సిన మాట, "అదంతా మరిచిపోండి సార్, కొట్టండి" అని. నేను చెప్పిన మాట, "లేవగూడదు సార్."

మడమ లేవలేదు. బంతి గూడా లోపలికి పోలేదు.

మనుబోలులో భోజనం. నన్ను గూడా పిలిచినారు, అదే నా ఖర్మ. ఊళ్ళో చుట్టాలంతా కూర్చున్నారు. రమణారెడ్డి గారు గరిటె పట్టుకుని నిలబడినాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఎడమ మోచెయ్యి వంచకుండా వడ్డించినాడు. ఆ ఒక్కటీ నేర్చుకున్నాడు.

"బావా, తోక ముక్క కాదు, నడిమి ముక్క వెయ్యి" అన్నాడు సుధాకర్ గారు. "పులుసు అంచుకు పోతా ఉంది. నీ బంతిలాగా."

అందరూ నవ్వినారు. సుశీలమ్మ గారు మాత్రం నవ్వలేదు. "ఒకరు తాళి కట్టినోడు, ఒకరు తోడబుట్టినోడు. ఎవరు ఓడినా నాకు కూర్చుని తినే భాగ్యం. కానీ ఈసారి ముద్ద దిగలా" అనింది, నా విస్తరి వైపు చూస్తా.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. మనసులో తువ్వాళ్ళు మడత పెట్టుకుంటా ఉన్నాను. అప్పుడు రమణారెడ్డి గారు గరిటె పక్కన పెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"తప్పు కోచ్‌ది కాదు" అన్నాడు. "ఈ పిల్లోడి దగ్గర గొప్ప విద్య ఉంది. నేను మొరటోణ్ణి, నాకు ఎక్కలా. దీనికి చదువుండాల. బుర్రుండాల. చదువుకున్నోడి చేతిలో పడితే ఈ విద్య యాడికో పోతాది." అని ఆగి, ఆకాశం వైపు చూసి, "ఏంచేస్తాం, నాకు రాసిపెట్టి లేదు" అన్నాడు.

సుధాకర్ గారు నములుడు ఆపినాడు. "ఏం విద్య బావా?"

"నీకెందుకులే. నువ్వు ఎట్టాగూ గెలిచినావు కదా. ఆ విద్య గూడా పట్టినావంటే ఇంక నాకు జన్మలో గెలుపు లేదు."

మీకు అర్థమైపోయిందా? నాకు కాలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. ఇంత అవమానంలో గూడా గురువును ఇంత మెచ్చుకునే శిష్యుడు ఉంటాడా! చెయ్యి కడుక్కోకుండానే లేచి దండం పెట్టినాను. ఆయన నా భుజం తట్టి, "మా బావమరిదికి గూడా నాకు నేర్పినట్టే నేర్పు అబ్బయ్యా. ఒక్క ముక్క దాచుకోవద్దు" అన్నాడు.

దాచుకోవడమా! ఉన్నదంతా కుమ్మరించినాను.

సుధాకర్ గారు నాయుడుపేట నుంచి వారానికి మూడుసార్లు కారేసుకుని వచ్చేవాడు. ఏం శిష్యుడండీ! ఒక గీత గీస్తే "రెండోది గీయవా?" అని అడిగేవాడు. నేను మోచెయ్యి గురించి చెప్తే, ఆయన ఇంటికి పోయి మోచేతి మీద వీడియోలన్నీ చూసి, నాకు తెలియనివి గూడా నాకు చెప్పేవాడు. ఎర్రగీతలు చాలక పసుపు గీతలు మొదలుపెట్టినాం. ఇద్దరం కలిసి ఫోన్ మీద వంగి కూర్చుంటే, బంతి కొట్టే సంగతే మరిచిపోయేవాళ్ళం.

"కోచ్, నిన్న ఒక్కటీ సరిగ్గా తగల్లేదు."

"చాలా మంచిది సార్!"

"పాతది పోతా ఉందంటావా?"

"శుభ్రంగా పోతా ఉంది సార్!"

"సైన్స్ అంటే ఇది!" అని చెయ్యి కలిపేవాడు. రమణారెడ్డి గారు ఒక్కసారి గూడా నన్ను "కొత్తది యాడ?" అని అడగకుండా వదలలేదు. ఇంజనీరు గారు ఆ ప్రశ్నే అడగలేదు. చదువంటే అది.

రమణారెడ్డి గారు మాత్రం మైదానం వైపు రావడం మానేసినాడు. ఫోన్ చేస్తే, "కోతలు అబ్బయ్యా, తీరిక లేదు. బావమరిదికి ఎట్ట వస్తా ఉంది?" అని అడిగేవాడు. "అద్భుతం సార్, మొత్తం పీకేసినాం" అంటే, "ఆహా" అని తృప్తిగా నిట్టూర్చేవాడు. ఎంత విశాల హృదయం అనుకునేవాణ్ణి.

మళ్ళీ పందెం ఆదివారం వచ్చింది. నా శిష్యుడి ప్రతాపం చూపించాలని నేను మేనేజర్ మురళి గారిని గూడా మైదానానికి పిలిపించినాను. ఆయన తెల్ల చొక్కాలో, చేతులు కట్టుకుని నిలబడినాడు. రిసార్ట్‌లో దిగినవాళ్ళు గూడా కొందరు వేడుక చూడటానికి వచ్చినారు.

సుధాకర్ గారు బంతి ముందు నిలబడినాడు. గడ్డం ఎత్తినాడు, దించినాడు. మోకాళ్ళు వంచినాడు, సర్దినాడు. పట్టు మార్చినాడు. ఊపిరి పీల్చినాడు. కర్ర పైకి ఎత్తినాడు.

ఎత్తినవాడు దించలేదు.

కర్ర గాల్లో అట్టనే ఉంది. సముద్రపు గాలికి చొక్కా కొట్టుకుంటా ఉంది గానీ మనిషి కదల్లేదు. కూడలిలో విగ్రహం నిలబెట్టినట్టుంది. చూసేవాళ్ళలో ఒకాయన, "ఇది కొత్త పద్ధతా?" అని గుసగుసగా అడిగినాడు.

"కోచ్!" అన్నాడు సుధాకర్ గారు, తల కదపగూడదు కదా, పెదాలతోనే. "ఇప్పుడు ఏది ముందు? నడుమా, మోకాలా?"

"నడుం సార్!"

"మరి మొన్న మోకాలన్నావే?"

"అవును సార్, మోకాలే! కాదు, భుజం... ఊపిరి వదిలినారా?"

"వదల్లా! ముఖం ఎర్రబడతా ఉందా?"

"ఎర్రగా ఉంది సార్, వదలండి!"

ఆయన ఊపిరి వదిలినాడు, దాంతోపాటు కర్ర గూడా వదిలినాడు. కర్ర గిరగిరా తిరుగుతా పోయి తుమ్మచెట్టుకు తగులుకుంది. బంతి ఉన్నచోటే ఉంది, ఇదంతా నాకెందుకులే అన్నట్టు.

జనం ఘొల్లుమన్నారు. మురళి గారు నా వైపు చూసినాడు. ఆ చూపులో తువ్వాళ్ళు కనపడినాయి నాకు. వెంటనే ముందుకు దూకినాను. "ఏం లేదు సార్, చిన్న పొరపాటు. నేను చేసి చూపిస్తా. అందరూ చూడండి!" అని మా నాయన గొంతుతో వేలం పాట మాదిరి అరిచినాను.

బంతి ముందు నిలబడినాను. కర్ర ఎత్తినాను. అప్పుడు తెలిసింది నాకు, నేను ఇద్దరికి చెప్పినవన్నీ ఒక్కసారి గూడా నేను చెయ్యలేదని. నడుమా? మోకాలా? మడమా? కళ్ళ ముందు ఎర్రగీతలు, పసుపు గీతలు, నడుం చుట్టూ సున్నాలు. దేవుడి మీద భారం వేసి, ఆరాధన మానేసిన ఆదివారం పూట ఆ దేవుడు ఎట్ట పలుకుతాడని గూడా ఆలోచించకుండా, కొట్టినాను.

బంతి కదల్లేదు. బంతి కింద ఉన్న మట్టిపెళ్ళ, పచ్చిక వేళ్ళతో సహా లేచి, నేరుగా, పక్కచూపు లేకుండా పోయి మురళి గారి తెల్ల చొక్కా మీద పడింది. ఆ రోజు నేరుగా పోయిన మొదటి దెబ్బ అదే.

అప్పుడు వచ్చినాడండీ రమణారెడ్డి గారు. తువ్వాలు భుజాన వేసుకుని, తీరిగ్గా, సంతలోకి నడిచినట్టు నడిచొచ్చినాడు. అరచేతుల్లో ఉమ్మి రుద్దుకున్నాడు. నాలుక పళ్ళ మధ్య పెట్టినాడు. మోచెయ్యి లేచింది. కుడికాలు దాని దారిన అది పోయింది. "హుఁ!"

బంతి పోయి గుంత పక్కన నిలబడింది.

నేను నోరు తెరిచినాను. సుధాకర్ గారు నోరు తెరిచినాడు. మురళి గారు మాత్రం నోరు మూసుకున్నాడు, మట్టి పడతాదని.

ఆ మధ్యాహ్నం మనుబోలులో సుధాకర్ గారు గరిటె పట్టుకున్నాడు. "ఇంకొంచెం వెయ్యనా బావా?" అని అడిగేటప్పుడు ఆయన మడమ కొంచెం లేచింది గానీ, నేను సవరించలేదు. రమణారెడ్డి గారు రెండు చేపల నడిమి ముక్కలు తిని, విస్తరి మడిచి, నన్ను పెరట్లోకి పిలిచినాడు.

"సార్, మీ పాత విసురు మళ్ళీ ఎట్ట వచ్చింది సార్?" అన్నాను.

"మీ అక్క వల్ల. నువ్వు ఇచ్చిన వీడియో రోజూ చూసుకుని కుమిలిపోతా ఉంటే, ఫోన్ లాక్కుని తుడిచేసింది. 'పెళ్ళయినప్పట్నుంచి నువ్వు నడిచేది గూడా వంకరే. నేనేమన్నా గీతలు గీసినానా?' అనింది. ఆ మాటకు నవ్వొచ్చింది. నవ్వినాక పొలంలోకి పోయి కొట్టినా. వచ్చేసింది."

"మరి నన్ను... సుధాకర్ సార్‌కు అంత గొప్పగా చెప్పి ఎందుకు పంపినారు సార్?"

ఆయన నన్ను ప్రేమగా చూసినాడు. నిజంగా ప్రేమే అది. మంచి ఎద్దును చూసినట్టు చూసినాడు.

"పిచ్చోడా, నేను నిన్ను కోచ్‌గా పంపినానా? పక్క చేలోకి తెగులు పంపినట్టు పంపినా. మందు కొట్టినా పోని తెగులువి నువ్వు. అంత బాగా పని చేస్తావని నేనూ అనుకోలా."

ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించినాడు.

"వచ్చే నెల గూడూరు నుంచి మా వియ్యంకుడు వస్తా ఉన్నాడు ఆటకు. బాగా కొడతాడంట. నేను చెప్పిస్తాలే, ఆయనకు గూడా రవ్వంత నేర్పు."

సోమవారం పొద్దున నాకు ఈత కొలను దగ్గర పని ఇచ్చినారు. కొన్నాళ్ళు తువ్వాళ్ళు పంచినాను. మళ్ళీ కోచ్‌గా వేసేదానికి మురళి గారికి చాలాకాలం పట్టింది. అంతకుముందు కొత్త తెల్లచొక్కా ఒకటి కొనిపించినాడు, నా చేత. ఇప్పుడు ఎవరన్నా నేర్చుకోవడానికి వస్తే, ముందు ఊరికే కొట్టమంటాను. నేను గమ్మున కూర్చుని చూస్తాను. బంతి బాగా పోతే, "టీ తాగుతారా?" అంటాను. బాగా పోకపోతే ఒకే ఒక్క మాట చెప్తాను. రెండో మాట నోటిదాకా వస్తే నాలుక పళ్ళ మధ్య పెట్టుకుంటాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఈమధ్య ఆటలో బాగుపడతా ఉన్నారని చెప్పుకుంటా ఉన్నారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు.

కాబట్టి, పాఠక మహాశయులారా, ఆకాశమూ సముద్రమూ సాక్షిగా, చేపల పులుసు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తా ఉన్నాను. బంతి నేరుగా పోయే మనిషి జోలికి నేను ఈ జన్మలో పోను. ఆయన మోచెయ్యి ఆకాశానికి లేచినా, నాలుక బొడ్డుదాకా వేలాడినా, కాలు పక్క మండలంలోకి పోయినా, చూసి చప్పట్లు కొడతానే గానీ ఫోన్ తీయను, గీత గీయను, సలహా ఇవ్వను. ఇది తిరుగులేని మాట.

అయితే మీ బావమరిది ఆట మరీ బాగుందనుకోండి, అది వేరే సంగతి. ఒక మాట చెప్పండి, వచ్చి చూస్తాను.